అత్త పడుకోబెట్టిన కారు

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆర్.ఎస్. పురంలో పెట్రోలు బంకు దగ్గర వరుసలో ఉన్నాను. పొల్లాచ్చి వైపు కొబ్బరితోటల్లో కారు నడిపిన ఆడమనిషి అంటే మావాళ్ళందరికీ ఆమే. నాకు మాత్రం నడిపిన అత్త కన్నా, ఆ తెల్ల కారును ఆపి దాచిన అత్తే ఎక్కువగా గుర్తొస్తోంది.

అప్పుడామెకు మోకాలి ఆపరేషన్ చేయాలి. ఏడాది దాకా క్లచ్ తొక్కకూడదన్నాడు డాక్టరు. కారు అమ్మేద్దామన్నాడు మామ. అత్త చూసిన చూపుకు ఆయన కాఫీ టంబ్లరు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"రా కన్నూ, వండిని పడుకోబెడదాం" అని నన్ను పిలిచింది. కారును తమిళంలోలాగా వండి అనే అనేది.

ఆమె స్టూలు మీద కూర్చుని చెప్పడం, నేను చేయడం. ట్యాంకు నిండా పెట్రోలు పోయించాం, ఖాళీ ఉంటే చెమ్మ చేరి తుప్పు పడుతుందట. కడిగి ఎండలో ఆరబెట్టాం. బ్యాటరీ విప్పాం. టైర్లు ఒకేచోట అణిగిపోకుండా జాకీతో ఎత్తి కొబ్బరి మొద్దుల మీద నిలబెట్టాం. హ్యాండ్ బ్రేకు వేయబోతే నా చెయ్యి మీద కొట్టింది. "వేస్తే పట్టుకుంటాది, మళ్ళ రాదు."

కప్పడానికి నేను గోనెసంచులు తెస్తే పకపకా నవ్వింది. అంతకుముందోసారి కూతురి కాన్పుకని మదురైలో ఉండిపోయినప్పుడు, కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో కారు పెట్టి ఆ సంచులే కప్పి వెళ్ళిందట. ఎండుకొబ్బరి వాసనకు తోటలోని ఎలుకలన్నీ చేరి, వైర్లు కూడా కొరికేశాయట. "విందు పెట్టింది నేనే కన్నూ, వాటిననేదానికి ఏముండాది?" అంది. ఈసారి తన పాత నూలు చీరలు కప్పించింది.

పొగగొట్టంలో ఎలుకలు దూరకుండా నీలిచీర ముక్క ఒకటి కుక్కించింది. అదే చీర పేలికను స్టీరింగుకు కట్టింది.

"లోపల గుడ్డ తియ్యకుండానే ఎవురైనా స్టార్టు చేస్తారు. ఇది చూస్తే గ్యాపకం వస్తాది."

"ఎవరో ఎందుకు? నువ్వే దించుతావు కదత్తా" అన్నాను.

"నేనే దించతా. నేను లేకపోయినా వండి నిలిచిపోకూడదు. ఆపి పెట్టేది నడిపేదానికే."

మోకాలు నయమైంది. వచ్చే నెలలో కారు దించుదామనుకుంటుండగా గుండె ఆగిపోయింది. ఆ ఒక్క నెలా ఆగకూడదా అని నాకిప్పటికీ ఆమె మీద ఉక్రోషమే.

కర్మ అయ్యాక, అమ్మేద్దామన్న మామే "దించు" అన్నాడు. మొద్దులు తీసి, బ్యాటరీ తగిలించి, తాళం పెట్టబోతుంటే స్టీరింగు మీద పేలిక కనబడింది. పొగగొట్టంలో గుడ్డ సంగతి ఇద్దరం మరిచేపోయాం. దిగి వెళ్ళి లాగేశాను. కాస్త దగ్గి, ఇంజను అందుకుంది.

మామ తాను ఎప్పుడూ కూర్చునే పక్కసీట్లోనే కూర్చున్నాడు. దాని పని అయిపోయింది కదా అని పేలిక విప్పబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. పొల్లాచ్చి దాకా, మలుపు తిప్పినప్పుడల్లా, ఆ నీలి పేలిక నా చేతిని తాకుతూనే ఉంది.