కాళ్ళు కడిగే సేవ

మా ఇంట్లో సేవ అనే మాటకు అర్థం వేరు. నాయన ఇంట్లో లేడంటే సేవకు పోయినట్టు. అన్నం తిని కంచం అక్కడే వదిలి లేచాడంటే సేవకు వేళయినట్టు. ఆయన మా ఊరి చర్చికి పాస్టరు. మార్కాపురం నుంచి దోర్నాల దాకా ఎక్కడ కూటం పెట్టినా నాయన ప్రసంగం ఉండాల్సిందే. సంఘం వాళ్ళు ఆయన్ను దైవసేవకుడంటారు. ఆ సేవకుడి చొక్కా ఉతికి ఇస్త్రీ చేసేది, ఆయన వెంట వచ్చినవాళ్ళకు వండి వడ్డించేది అమ్మ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, ఆ సామెత మా ఇల్లు చూసే కట్టి ఉంటారు.

నాయనకు పేరు తెచ్చింది కాళ్ళు కడగడం. యేసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన రాత్రిని తలుచుకుంటూ, ఏటా గుడ్ ఫ్రైడేకి ముందు రోజు నడుముకు తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, సంఘంలో మగవాళ్ళ కాళ్ళు కడిగేవాడు. గొర్రెలు కాసొచ్చిన కాళ్ళు, మిరపచేలో తిరిగొచ్చిన కాళ్ళు, అన్నీ. అబద్ధమెందుకు, శుభ్రంగా కడిగేవాడు, వేళ్ళ సందుల్లో కూడా. "తండ్రి ఇంటికి తలకాయ. తలకాయ వంగితేనే ఇల్లు నిలబడుతుంది" అని ఆయన చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పక్కన నిలబడి చెంబుతో నీళ్ళు పోసేది అమ్మ.

నా పెళ్ళిలోనూ అంతే. గిద్దలూరులో ఉండే మా అత్తగారి వాళ్ళు కొత్తగా చర్చికి వస్తున్నవాళ్ళు. మామ అల్లుడి కాళ్ళు కడగాలన్న పాత పట్టింపు మాత్రం వదల్లేదు. అది మన పద్ధతి కాదని సంఘం పెద్దలు అడ్డం చెప్పారు. "ప్రభువు కడగలేదా ఏంది?" అని నాయన నవ్వుతూ పళ్ళెం తెప్పించాడు. ఆ పూటంతా పందిట్లో ఆయన వినయం, తగ్గింపు గురించే మాట్లాడుకున్నారు. మా అమ్మ తిన్నదా లేదా అని అడిగినవాళ్ళు లేరు.

పోయిన ఏడు కంది కోతలయ్యాక, పొయ్యిలోకి కందికంప ఏరుకోవడానికి అమ్మ చేలోకి పోయింది. కోసిన కంది మొదళ్ళు మేకుల్లా నిలబడి ఉంటాయి. ఒకటి చెప్పును చీల్చుకుని పాదంలో దిగింది. ఎన్నాళ్ళ నుంచో షుగరున్న కాలు, నొప్పే తెలియలేదు. చెప్పులో తడి తగిలితే నెత్తురని తెలిసిందట. తన అరికాలు తాను వంగి చూసుకోలేని మనిషి. మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి తాగి ఆమె మోకాళ్ళు ఎప్పుడో బిగుసుకుపోయాయి. రోజూ పుండు కడిగి, మందు పెట్టి, కట్టు మార్చాలన్నాడు మార్కాపురం డాక్టరు. అశ్రద్ధ చేస్తే కాలు తీసేయాల్సి వస్తుందని కూడా అన్నాడు.

కొన్నాళ్ళు ఉండి నేనే చేశాను. తర్వాత గిద్దలూరు పోక తప్పలేదు, నా పిల్లలకు బడి ఉంది. ఆ ఇంట్లో మిగిలింది నాయన. కాళ్ళు కడగడంలో ఆయన్ను మించినవాడు మా చుట్టుపక్కల లేడు కదా, అడిగాను.

"పెండ్లాం కాళ్ళు పట్టుకుంటాడని తెలిస్తే రేపు సంఘంలో నా మాట ఎవుడింటాడు పాపా?" అన్నాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అన్నాడు.

"ఊరోళ్ళ కాళ్ళన్నీ పట్టుకుంటివి గదా నాయనా. అప్పుడు పోని పరువు ఇప్పుడు పోతాదా?"

"అది సేవ. ఇది వేరే."

"ఊరికే ఎందుకమ్మా గొడవ? నువ్వు పో, పిల్లోళ్ళు చూస్తా ఉంటారు" అని అమ్మ అడ్డం పడింది. నేను కదలకపోయేసరికి నాయన, "సరేలే, నేను చూసుకుంటా" అన్నాడు. దూది, మందు ఆయన కుర్చీ పక్కనే పెట్టి బస్సెక్కాను.

ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ "కడుగుతున్నాడులే, మానుతాంది" అనేది. ఒకసారి "మీ నాయన చెయ్యి మెత్తన" అని కూడా అంది. ఆ మాటకు సంతోషంతో ఏడ్చాను.

అమ్మకు జ్వరం కాస్తోందని, లేవలేకపోతే ఆసుపత్రిలో చేర్పించామని పక్కింటి వదిన ఫోన్ చేస్తే పరుగెత్తాను. ఆసుపత్రిలో అమ్మ దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. నాయన కూటం నుంచి నేరుగా వచ్చాడు, చొక్కా మడత నలగలేదు. వెనకాల సంఘం వాళ్ళు. వచ్చీ రాగానే ప్రార్థన ఎత్తుకున్నాడు. ఆమేన్ అనేదాకా ఆగి డాక్టరు అడిగాడు.

"పుండు రోజూ ఎవరు కడుగుతున్నారు?"

"నేనే సార్" అన్నాడు నాయన. ఎంత తగ్గింపో అని వెనకాల ఎవరో మెచ్చుకున్నారు.

డాక్టరు దుప్పటి అంచు పట్టుకుని, "ఏ కాలు?" అన్నాడు.

నాయన అమ్మ వైపు చూశాడు. నా వైపు చూశాడు. నాకు తెలుసు. చచ్చినా చెప్పకూడదనుకున్నాను.

"కుడిది సార్" అన్నాడు.

అమ్మ కళ్ళు తెరవకుండానే ఎడమ కాలు దుప్పటి బయట పెట్టింది. దాని మీద నల్లబడి ఉన్న కట్టు, నేను బస్సెక్కే ముందు కట్టినదే.