మూడడుగుల సముద్రం

బోధన్ నుంచి సముద్రం ఎంత దూరమో మా ఊళ్ళో ఎవరూ లెక్కవేయలేదు. అవసరం పడలేదు. నీళ్ళంటే మాకు నిజాంసాగర్ కాలువ. అది వస్తే చెరకు, రాకపోతే గొడవ. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా ఉన్న నాకు కూడా ఆ దూరంతో పని పడలేదు, అక్క మద్రాసు నుంచి తిరిగి వచ్చేదాకా.

అక్క అక్కడ మిషన్ ఆసుపత్రిలో నర్సు. గుండె కవాటం ఒకటి పాడైందని ఉద్యోగం మాన్పించి పంపారు. నిజామాబాద్ డాక్టరు చాలాసేపు పరీక్ష చేసి, మంచం దిగొద్దనీ ప్రయాణాలు చేయొద్దనీ చెప్పాడు. ఎన్నాళ్ళు అని అడిగితే ఫీజు వద్దన్నాడు. ఆ డాక్టరు ఎవరికీ ఫీజు వదలడని ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

ముందుగదిలో మంచం వేశాం. అక్కకు మద్రాసు మీద బెంగ లేదు. ఒకసారి తోటి నర్సులతో రామేశ్వరం వైపు వెళ్ళినప్పుడు, అలలు వెనక్కి తగ్గిన వేళ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పగడాల దిబ్బ చూసిందట. రాళ్ళకు పూలు పూసినట్టుండి, వేలు తగిలిస్తే ముడుచుకున్నాయట.

"మళ్ళొక్కసారి సూస్తె సాలు తమ్మీ" అంది.

అడగటం అలవాటు లేని మనిషి. ఆమె సముద్రం దగ్గరికి పోయే వీల్లేదు కనుక సముద్రాన్నే ఇంటికి తేవాలనుకున్నాను. బీయెస్సీ చదివినవాళ్ళకు ఇలాంటివి తోస్తాయి.

అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వకు చెప్తే, "సముద్రం జేసినాయన పైనున్నడు గద. ఆయన పని నీకెందుకురా?" అంది. ఆదివారం చర్చిలో మాత్రం ఆ పని గురించి ఆయనకు గట్టిగానే మనవి చేసింది.

డ్యూటీ దిగి వచ్చాక నేను నేలమీద సుద్దముక్కతో అద్దాల తొట్టి బొమ్మ గీసేవాణ్ణి, అక్క మంచం మీద నుంచి చెరిపించేది.

"యాడ పెడ్తవ్?"

"కిటికి కింద."

"ఎండకు పాచి వడ్తది. గోడకు పెట్టు. పక్కకు ఒరిగితె నాకు కనవడాలె."

అలా తొట్టి ఎత్తు ఆమె దిండును బట్టి కుదిరింది. పొడవు మూడడుగులు. అంతకు మించితే నీళ్ళ బరువుకు గచ్చు కుంగుతుందని నా లెక్క. ఫ్యాక్టరీ వెల్డరు ఇనుప చట్రం చేసిచ్చాడు. నిజామాబాద్‌లో అద్దాల దుకాణం సేటు, "మిఠాయి దుకాన్ పెడ్తున్నవా?" అని అడిగాడు. అవునన్నాను. నిజం చెప్తే ఇంకా చాలాసేపు నిలబడాల్సి వచ్చేది.

చక్కెర తెల్లబరచటానికి ఫ్యాక్టరీలో సున్నపురాయి వాడతారు. పగడమూ ఆ జాతిదే కనుక, బొక్కలున్న రాళ్ళు నాలుగు అడిగి తెచ్చుకున్నాను. ఒక పెద్దరాయిని మధ్యలో నిలబెట్టి, ఎట్లుందన్నాను.

"సమాధి లెక్కున్నది. మూలకు జరుపు" అంది అక్క నవ్వుతూ.

అవ్వ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను రాయి జరిపాను.

గాలికి లారీ ట్యూబు. పంపుతో నింపి, సన్నటి రబ్బరు గొట్టం తగిలించి, బుడగ బుడగగా వదలటానికి క్లిప్పు పెట్టాం. ఇక మిగిలింది నీళ్ళు. అంగడి ఉప్పు కలిపితే ఉప్పునీళ్ళవుతాయి గాని సముద్రం కాదు. బొంబాయికి చక్కెర తోలే లారీ డ్రైవరును పట్టుకున్నాను.

"బొంబాయి పోతున్ననంటె వాచీలు తెమ్మంటరు, చీరలు తెమ్మంటరు. నీళ్ళు తెమ్మన్నది మీరొక్కరే సాబ్" అన్నాడు. ఎవరికో తెలిశాక మాత్రం ఇంకేమీ అనలేదు.

ఆ నీళ్ళకు డ్రమ్ములు అవ్వ సిద్ధం చేసింది. కిరోసిన్ వాసన ఉన్నదాన్ని పక్కన పెట్టింది. మిగతావాటిని బూడిదతో, చింతపండుతో తోమి ఎండబెట్టింది. నేను ఒక్కొక్కటీ వాసన చూసి సరేనన్నాను. మా ఊళ్ళో డ్రమ్మంటే ఒకప్పుడు మొలాసిస్ మోసిందే. చక్కెర తీశాక మిగిలే ఆ నల్లటి మడ్డి అతుకుల్లో, మూతి మడతల్లో మిగిలే ఉంటుంది. ఎవరి ముక్కుకూ తగల్లేదు. తీపి మాకు మురికి కాదు. మేం పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్న గాలే అది.

లారీ వచ్చింది. డ్రైవరు పాలక్యాను ఒకటి ఒళ్ళో బిడ్డను దించినట్టు దించాడు. అందులో చారల చేపలు రెండు, రాయికి అతుక్కున్న సముద్రపు పువ్వు ఒకటి. జాలరి ఒకతన్ని బతిమాలి తెచ్చాడట. నీళ్ళు పోసి, మట్టి దిగాక వాటిని వదిలాం. పువ్వు నలిపిన గుడ్డముక్కలా పడి ఉంది. అద్దాల మీది వేలిముద్రలు మాత్రం బాగా కనిపించాయి.

దీపాలు పెట్టే వేళకు అది విచ్చుకుంది. ఒక్కొక్క రేకూ నీళ్ళలో ఊగుతూ తెరుచుకుంది. అక్క ఒరిగి పడుకుని ఊపిరి బిగబట్టి చూసింది. బిగబట్టటానికి ఆమె దగ్గర అట్టే ఊపిరి లేదు.

"గదే తమ్మీ. అచ్చం గదే."

అవ్వ కూడా చూసి, "మంచిగనే జేసినవ్ ప్రభువా" అని, చేసినవాళ్ళలో నన్ను వదిలేసింది.

మర్నాటికి నీళ్ళు పలచటి గంజిలా మారాయి. సాయంత్రానికి పులిసిన వాసన వచ్చింది.

"సముద్రం కల్లయిందిరా" అంది అక్క. తనే ముందు నవ్వింది. నాకప్పుడు డ్రమ్ములు గుర్తొచ్చాయి.

చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నేను ట్యూబుకు గాలి కొడుతూనే ఉన్నాను. అక్క కాసేపు చూసి, "ఇడ్సిపెట్టు. ఊపిరాడక గట్లుంటదని నాకు ఎర్కే. వాటిని ఇగ గోస వెట్టకు" అంది. ఆమె గొంతులో ఆసుపత్రి వార్డు వినిపించింది. ఆ మాట చేపల గురించేనని నేను గట్టిగా అనుకున్నాను.

చెడిన నీళ్ళను ఆ డ్రమ్ముల్లోనే లారీతో వెనక్కి పంపి, తొట్టి కడిగి పెట్టి, మళ్ళీ తెప్పిస్తానన్నాను. ఈసారి డ్రమ్ములు కావు, కొత్త గాజు జాడీలు, వెదురుబుట్టల్లో. డ్రైవరు ఒప్పుకున్నాడు. సాయంత్రాలు మళ్ళీ సుద్దముక్క పట్టాను. రొయ్యపిల్లలు పెడదామంది, ఇసుక తెల్లగా ఉండాలంది, చిన్నరాళ్ళు ముందుకు రావాలంది. లారీ ఎప్పుడొస్తుందని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ప్రతిదానికీ తలాడించి, అలసిపోయి కళ్ళు మూసుకునేది. గీత నేను పూర్తిచేసేవాణ్ణి.

లారీ కంటే ముందే అక్క వెళ్ళిపోయింది.

సమాధి చేసి వచ్చిన వారం లోపే డ్రైవరు వాకిట్లో హారన్ కొట్టాడు. "సాబ్, గీసారి ఎంత సాఫున్నయో సూడుండ్రి" అంటూ జాడీ ఒకటి ఎండకు పట్టి చూపించాడు. ఇంట్లో చాపల మీద కూర్చున్న చుట్టాలను చూసి దాన్ని మెల్లగా దించాడు.

"ఏడ పారవొయ్యమంటరు?" అని నెమ్మదిగా అడిగాడు.

నేను ఆలోచించాను. మోరీలో పోస్తే చెరకు కాలువలో కలుస్తుంది. పెరట్లో పోస్తే అవ్వ మల్లెచెట్టు చస్తుంది. ఇంతటి ఊళ్ళో ఉప్పునీళ్ళకు చోటు లేదు.

అవ్వే లేచి వచ్చింది. "పారవోసుడేంది? గంత దూరం కెల్లి తెచ్చిండు. తొట్ల పొయ్యుండ్రి" అంది.

డ్రైవరూ నేనూ పోశాం. చేపలు తేవటానికి ఈసారి జాలరి దొరకలేదట. అడుగు ఇసుక దాకా తేటగా కనిపించింది. అవ్వ ఎదురుగా నేలమీద కూర్చుని, చెంగు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏమున్నదిరా ఇందుల?"

"ఏం లేదవ్వా. నీళ్ళే."

"కానియ్" అంది. చూస్తూనే ఉంది.