మీటరు పెట్టెకు తాళం

ఒక మంచి మనిషిని దొంగలా చూసి, తన అంగడికి తానే నిప్పు పెట్టుకోబోయిన మొనగాడిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే పాకాలకు రండి. నన్ను నేనే చూపిస్తాను.

అప్పుడు నేను కొత్తగా నేమ్‌బోర్డుల అంగడి పెట్టాను. మొదటి ఆర్డరు, స్టేషను దగ్గర తెరవబోయే టిఫిన్ హోటలుకు మెనూ స్టాండ్లు. అక్రిలిక్ ప్లాస్టిక్ షీటును మధ్యలో వేడి చేసి వంచితే స్టాండు తయారు. మరునాడే హోటలు ప్రారంభం. ఇవ్వలేకపోతే ఆర్డరు పక్కంగడి ఖాదర్ భాయ్‌కి పోతుంది. ఆయన ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు. అందుకే ఆయన నవ్వినా నాకు అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే.

చెక్క మీద రెండు మేకులు కొట్టి, వాటి మధ్య హీటరు తీగ బిగిస్తుంటే ఆయన తొంగిచూశాడు.

"దీనికి కరెంటు యాడ నుంచి ఇస్తావు తమ్ముడూ?"

"సాకెట్లో నుంచే భాయ్."

"వద్దబ్బా! అంత కరెంటు అది తట్టుకోదు. నా దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఉండాది, తీసుకో. పన్నెండు వోల్టులు సాలు."

గోడలో రెండువందల ముప్పై ఊరికే పడి ఉంటే పన్నెండా! నా షీటు వంగకూడదని ఈయన వేసిన ఎత్తు ఇదని నాకు ఇట్టే అర్థమైపోయింది. అంత తెలివి నాది.

ఆయన వెళ్ళగానే, ప్లగ్గు లేని తీగలు రెండూ సాకెట్లో దూర్చి, కదలకుండా అగ్గిపుల్లలు గుచ్చి స్విచ్చు వేశాను. టప్! కరెంటు పోయింది. బయటికి పరిగెత్తాను. మా రెండు అంగళ్ళ మీటర్లూ మెట్ల కింద ఒకే చెక్కపెట్టెలో ఉంటాయి. దాని ముందు ఎవరున్నారనుకున్నారు? ఖాదర్ భాయ్! పైగా చేతిలో టెస్టరు!

"ఏం భాయ్, ఈడేం చేస్తా ఉండారు?"

"నా లైట్లు మినుకుమినుకుమంటే సూస్తామని వచ్చినా. నీ ఫీజు పోయిండాది."

పోయిందా, పీకాడా? ఫీజు తీగ కొత్తది వేసి మళ్ళీ స్విచ్చు వేశాను. మళ్ళీ టప్. మళ్ళీ పరుగు. మళ్ళీ ఆయనే. ఇంకేం సాక్ష్యం కావాలి చెప్పండి?

అప్పుడే అన్నం క్యారియరుతో వచ్చిన మా ఆవిడ సుజాతను మీటరు పెట్టె ముందు స్టూలేసి కాపలా కూర్చోబెట్టాను.

"ఖాదరన్న అట్లాంటోడు కాదు. మనకు గ్యాస్ అయిపోతే వాళ్ళింటి సిలిండరే ఇచ్చినాడు గదా!"

"అదే సూడు! ఊరికే ఎందుకిచ్చినాడు?"

కాపలా చాలదనిపించింది. ఈసారి ఎవరూ తెంపలేకుండా ఫీజుకు నాలుగు పోగుల లావు తీగ చుట్టి, పెట్టెకు నా బండి గొలుసు తాళం వేశాను. తాళంచెవి ఎవరూ కొట్టేయకుండా నా కళ్ళెదుటే, హీటరు తీగ మీద పరిచిన షీటు కిందే పెట్టుకున్నాను. స్విచ్చు వేశాను.

ఈసారి ఫీజు పోలేదు. తీగ ఎర్రగా వెలిగింది.

"సూస్తివా సుజాతా! తాళం వేసినాక ఎట్ల వచ్చిందో కరెంటు!"

అంతలోనే షీటు వంగడం మానేసి జావలా కారింది. చెక్క పొగలు కక్కింది. స్విచ్చు ఆపబోతే కరిగి అతుక్కుపోయి ఉంది. అగ్గిపుల్లలు పీకుదామంటే అవి అప్పటికే అంటుకున్నాయి.

"ఫీజు పీకు సుజాతా!"

"ఎట్ల పీకేది? తాళంచెవి యాడ?"

తాళంచెవి కరిగిన షీటు అడుగున భద్రంగా ఉంది. ఎవరూ కొట్టేయలేరు, నేను కూడా.

ఖాదర్ భాయ్ సుత్తితో పరిగెత్తుకొచ్చి, పెట్టె కొండీని ఊడగొట్టి ఫీజు లాగేశాడు. నాలుగు చెంబుల నీళ్ళతో చెక్క చల్లారింది. మసి మొహంతో నిలబడ్డ నన్ను ఆయన పక్కకు జరిపాడు. తన ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి తగిలించి, సాయంత్రానికల్లా నా చేతే స్టాండ్లన్నీ వంచించాడు. సుజాత మాత్రం ఊరుకుంటుందా? స్టూలు ఎందుకో, తాళం ఎవరి కోసమో పూసగుచ్చినట్టు చెప్పేసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ తాళంచెవి ఇప్పటికీ ప్లాస్టిక్ ముద్దలోనే ఉంది, మా అంగడి గోడకు వేలాడుతోంది. దాని మీద చెయ్యేసి మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో హీటరు తీగను సాకెట్లో దూర్చను, ఫీజు పెట్టెకు తాళం వెయ్యను, పక్కవాడిని అనుమానించను.

మీటరు పెట్టెకు ఇప్పుడు కొత్త తాళం ఉంది. వేసింది ఖాదర్ భాయ్. నాకూ ఒక తాళంచెవి ఇమ్మని ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"ఇస్తాలే తమ్ముడూ, తొందరేముండాది? నువ్వు మారినావంటే నాకింకా కొంచెం అనుమానంగానే ఉండాది."