లేని మొక్కు మీద దిల్‌సుఖ్‌నగర్ నుంచి చింతలకుంట దాకా

కోపం తగ్గాలంటే నడవమని డాక్టరు చెప్పాడు. "పొద్దున్నే గంటసేపు ఒక్కరే నడవండి. ఫోన్ ఇంట్లో పెట్టండి, ఎవరితో మాట్లాడకండి. అడుగు ఎక్కడ పడుతోందో చూసుకోండి, ఊపిరి చూసుకోండి. నడిచినంతసేపూ మనల్ని మనం చూసుకుంటాం. మనసు నిమ్మళిస్తుంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎల్బీనగర్‌లో మా తాతల పొలాలున్న చోట ఇవాళ కాలనీలున్నాయి. ఆ కాలనీల్లో నేను మొదట స్కూటరు మీద, తర్వాత కారులో తిరిగాను తప్ప కాళ్ల మీద తిరగలేదు. భూములున్న ఇంటి పెద్దమనిషి రోడ్డు మీద నడుస్తూ కనపడితే, ఏదో అమ్ముకున్నాడనే మా దగ్గర అనుకుంటారు. అయితే పోయిన వారం కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం విసిరేశాను. నా భార్య రెండు రోజులు మాట్లాడలేదు. దాంతో నడకకు ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాను గాని ఒక ఉపాయం చేశాను. ఇంటి నుంచి నడుచుకుంటూ బయల్దేరితే వీధంతా చూస్తుంది. అందుకని ఆరు దాటాక ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, నన్ను ఎరిగినవాళ్లు లేని దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. టికెట్ ముప్ఫై రూపాయల లోపే. అక్కడి నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా మెట్రో లైను కిందే ఇంటికి నడిచి రావచ్చు. మెల్లగా నడిస్తే గంటా గంటంబావు పడుతుంది. దారి తప్పే పనిలేదు, తలెత్తితే లైను కనపడుతుంది.

బస్టాండు దగ్గర టీ తాగాను, పదిహేను రూపాయలు. టీకొట్టాయన గుంటూరు వైపు మనిషి. "ఇంత పొద్దున్నే ఎక్కడికండీ బాబాయ్ గారూ?" అంటే, "ఎక్కడికీ లేదు, ఊరికే నడుస్త" అన్నాను. "అదృష్టవంతులండీ" అన్నాడు. హాస్టళ్ల పిల్లలు సంచులు వేసుకుని కోచింగులకు పరుగెత్తుతున్నారు. ఫుట్‌పాత్ సగం దాకా మూసిన బట్టల దుకాణాల మెట్లే. డాక్టరు చెప్పినట్టు అడుగు చూసుకుందామంటే నా కళ్లు రోడ్డు మీదికే పోయాయి. తెలిసినవాడి కారు వస్తుందేమోనని. చైతన్యపురి దాటేదాకా నేను ఊపిరి చూసుకోలేదు, నంబరు ప్లేట్లు చూశాను.

కొత్తపేటలో దొరికిపోయాను. ప్లాట్ల వ్యాపారంలో నాతో తిరిగే నర్సింహ పూలదుకాణం ముందు కారు ఆపి అద్దం దించాడు.

"ఏందే పటేలా, నడుస్తున్నవ్? కారు అమ్మినవా, కొడుకు గుంజుకున్నడా?"

"కారుకేమైంది, ఇంటి ముంగటనే ఉన్నది."

"మరి గీ నడుసుడేంది? ఎక్కు, దించుతా."

డాక్టరు చెప్పాడని అంటే పోయేది. ముసలోడయ్యాడు, రోగమొచ్చిందని సాయంత్రానికి నలుగురికీ చెప్తాడని భయపడ్డాను. "ఎక్కరాదు. చింతలకుంట ఎల్లమ్మ దాకా నడిచొస్తనని మొక్కిన" అనేశాను. నర్సింహ నవ్వు ఆగిపోయింది. అమ్మవారి పేరు వినగానే చేతులు కళ్లకద్దుకుని, "నా దిక్కెల్లి గూడ ఒక దండం పెట్టు" అని వెళ్లిపోయాడు. అబద్ధం ఇంత బాగా పనిచేస్తుందని నేనూ అనుకోలేదు.

నాలుగడుగులు వేశానో లేదో వెనక నుంచి పిలుపు వచ్చింది. "పటేలా, జర ఆగుండ్రి." పూలమ్మే ఆమె. ఏళ్ల తరబడి కారు అద్దం దించి ఆమె దగ్గరే దండలు తీసుకుంటున్నాను. ఒక కవరు పట్టుకుని వచ్చింది. అందులో రవికె గుడ్డ, పసుపు, కుంకుమ, మట్టిగాజులు ఉన్నాయి.

"నా బిడ్డను రాత్రి దవాఖానల వేసిన్రు. నొప్పులైతున్నయి గని కాన్పు అయితలేదు. మొక్కు మీద నడిచిపోయెటోళ్ల చేతికిస్తే అమ్మకు జల్ది అందుతది. దుకాణం ఇడిసి నేను పోరాదు, పగటి పూటకు దవాఖానకు బువ్వ తీస్కపోవాలె. గాజులు పైలం పటేలా, చిట్లినయి అమ్మకు వెట్టద్దు."

అని వంగి నా కాళ్లకు దండం పెట్టింది. నాకు మొక్కు లేదని అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. కాళ్లు కూడా వెనక్కి తీసుకోలేదు.

అక్కడి నుంచి నడక మారిపోయింది. గాజులు చిట్లకూడదు కాబట్టి కవరు రెండు చేతులతో పట్టుకున్నాను. గుంత ఎక్కడుందో, రాయి ఎక్కడ లేచిందో, బైకు ఏ పక్క నుంచి దూరుతోందో చూస్తూ ఒక్కో అడుగూ వేశాను. ఎవరు చూస్తున్నారన్నది పట్టించుకోవడానికి తీరిక లేదు. లోపల మాత్రం ఒకటే కుమిలిపోవడం. కన్నతల్లి భయాన్ని నా బడాయి కోసం మోస్తున్నాను.

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర మా వీధి మలుపు వచ్చేసరికి మోకాళ్లు పట్టేశాయి. మలుపులోనే ఉన్న మా ఇంటి గేటు దగ్గర డ్రైవరు కారు తుడుస్తున్నాడు. కవరు చూసి, "గుడికా సార్? ఎక్కుండ్రి, ఐదు నిమిషాల్ల దింపుతా" అన్నాడు. తలుపు మీద చెయ్యి కూడా వేశాను. కారులో పోతే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. "నడిచే పోవాలె" అని ముందుకు కదిలాను. చౌరస్తా నుంచి విజయవాడ రోడ్డు మీద చింతలకుంటకు నా నడకకు ఇంకో అరగంట పైనే పట్టింది. ఎండ అప్పటికే ముఖాన కొడుతోంది.

గుడి చిన్నది, సందులో ఉంటుంది. పూజారమ్మ కవరు అందుకుని గాజులు ఒక్కొక్కటీ చూసింది. ఒక్కటీ చిట్లలేదు. పసుపు చేతిలోకి తీసుకుని, "ఎవరి పేరు మీద? బిడ్డ పేరేంది?" అంది.

బిడ్డ పేరే కాదు, తల్లి పేరూ నాకు తెలియదు. "ఎరికలేదా?" అంది. "ఎరికలేదు" అన్నాను. "మరి అమ్మకు ఎవరని చెప్పాలె? పేరు కనుక్కొని రా" అని కవరు అమ్మవారి ముందు పెట్టి ఇంకొకరి పళ్లెం అందుకుంది.

ఆటో చేసుకుని కొత్తపేటకు తిరిగి వచ్చాను, నూట ఇరవై అడిగితే వందకు ఒప్పుకున్నాడు. పూలామె దండ గుచ్చుతోంది.

"నీ బిడ్డ పేరేందమ్మా?"

"పటేలా, అప్పుడే ముట్టజెప్పిన్రా?"

"లేదు. పూజారమ్మ పేరడిగింది, నాకు తెల్వదు. ఇంకోటి గూడ చెప్పాలె. నాకు మొక్కు లేదు. కారుల వచ్చినోడు నగుతడని అబద్ధమాడిన."

దారం లాగుతున్న చెయ్యి ఆగింది. "నా గాజులేడున్నయి?"

"అమ్మ ముంగటనే ఉన్నయి. నడిచే తీస్కపోయిన."

"ఇన్నేండ్ల సంది దండలు కొంటున్నరు. పేర్లు తెల్వదా?" మళ్లీ దారం అందుకుంది. "బిడ్డ మంగ. నేను సత్తెమ్మ. పోయి చెప్పి రాండ్రి. నడుసుకుంటనే పోండ్రి, ఆటోల పోవద్దు."

నాతో ఎవరూ అట్లా మాట్లాడరు. మామూలుగా అయితే రోడ్డంతా వినపడేలా అరిచేవాణ్ని. కోపం రాలేదు, తల వంచుకుని నడిచాను. ఈసారి దారిలో ఇద్దరు ఆపి అడిగారు. "సత్తెమ్మ పంపింది, పోతున్న" అన్నాను. అంతకంటే ఏమీ అడగలేదు. గుడిలో పూజారమ్మకు తల్లి పేరూ బిడ్డ పేరూ చెప్పి వచ్చాను.

మధ్యాహ్నం మంగకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారట. ఆడపిల్ల, తల్లీ పిల్లా బాగున్నారు. నా నడక వల్లనేనని సత్తెమ్మ అనలేదు, నేనూ అనుకోను. డాక్టరు చెప్పిన నిమ్మళం దొరికిందా అంటే చెప్పలేను. నడిచినంతసేపూ మనల్ని మనం చూసుకుంటామన్నాడు, అది నిజం. చూసుకున్నది నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి, ఆ రోజు కంచం విసిరినందుకు నా భార్యను క్షమించమని అడిగాను. "ముందు కాళ్లు కడుక్కో" అంది. మర్నాడు ఇంటి గేటు నుంచే నడుచుకుంటూ బయల్దేరాను.

ఈ దారిలో నడవాలనుకునేవాళ్లకు ఒక మాట. రోడ్డు దాటాల్సి వస్తే బండ్ల మధ్య దూరకండి. మెట్రో స్టేషన్ ఎక్కి అవతలి పక్క దిగండి, దాటడానికే అయితే టికెట్ అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులుంటే లిఫ్టు ఎక్కండి, అందులో సిగ్గేమీ లేదు.