ఎడమ చంక కింది అతుకు

మాస్టారు పోయారని ఫోను వచ్చేసరికి నా రెండు చేతులూ మిరపకాయల్లో ఉన్నాయి. పెదకాకాని దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో నా ఉద్యోగం. రైతులు తెచ్చిన మిరప టిక్కీ బస్తాల్లోంచి గుప్పెడు కాయ లాగి, విరిచి, పదును, అంటే తేమ, చూసి, తెల్లబారిన తాలుకాయ ఎంతుందో రాయాలి. తోటి పనామె ఫోను నా చెవికి ఆనించి పట్టుకుంది. "మాస్టారు వెళ్ళిపోయారమ్మాయ్, పొద్దున ఆరింటికి" అన్నారు పిన్నిగారు, అంటే మాస్టారి భార్య. కళ్ళు తుడుచుకోబోయి ఆగాను. మా పనిలో ఉన్నవాళ్ళు ఆ చేత్తో కళ్ళు ముట్టుకోరు. కారేవాటిని కారనిచ్చి, కొళాయి దగ్గరికి వెళ్ళి ముందు కొబ్బరినూనె రాసుకుని, తర్వాత రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను. అలా కడుక్కోవడం ఆయన నేర్పిందే. నేర్పిన పద్ధతి మాత్రం మర్యాదగా లేదు.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. ఆయన గురించి అలా రాస్తే, రాసిన కాగితం చింపి నా చేతిలోనే పెట్టేవారు. కాబట్టి ఉన్నదే రాస్తున్నాను. మాస్టారు మంచి మాటకారి కారు, దయగల మనిషి అంతకన్నా కారు. ఆయన దగ్గర తిన్న తిట్లు నేను మా అత్తగారింట్లో కూడా తినలేదు.

మాస్టారిది మా ఎదురిల్లు. ఆయన బడిలో పాఠాలేమీ చెప్పలేదు. నలభై ఏళ్ళు పళ్ళసెట్లు చేశారు. గుంటూరు నుంచి పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపేవారు. వాటిని బట్టి ముందుగదిలో కూర్చుని చిగుళ్ళూ పళ్ళూ తయారుచేసేవారు. పని నేర్చుకుందామని వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు, మూడు నెలలు నిలిచినవాళ్ళు తక్కువ. వాళ్ళు పారిపోతూ పారిపోతూ పెట్టిన పేరే "పళ్ళ మాస్టారు".

అరవై దాటాక ఆయనకి రోబోల పిచ్చి పట్టింది. ఒక డాక్టరుగారు నోటి అచ్చులతోపాటు తన బల్ల మీది రోబో బొమ్మని కూడా పంపారు, మోచెయ్యి విరిగింది, అతికించమని. అంతరిక్షంలో యుద్ధాలు చేసే కథల్లో రోబో అది. జపాను నుంచి కిట్టుగా వస్తుంది. పెట్టె విప్పితే ప్లాస్టిక్ చట్రాలకి అంటుకుని వందల ముక్కలుంటాయి. వాటిని కత్తిరించి, నునుపు చేసి, ఒకదాన్లో ఒకటి బిగించుకుంటూ పోతే చివరికి జానెడు మనిషి లేచి నిలబడతాడు. మాస్టారు ఆ మోచెయ్యి బాగుచేసి పంపి, మరుసటి వారం సొంతానికి ఒక కిట్టు తెప్పించుకున్నారు.

పెట్టెలో వచ్చింది వచ్చినట్టు బిగించి ఊరుకునే మనిషి కాదాయన. వేళ్ళు మొద్దుగా ఉన్నాయని తీసి పారేసి, పళ్ళసెట్లకి వాడే గులాబీరంగు పదార్థంతో కొత్త వేళ్ళు చెక్కేవారు. పళ్ళకి కట్టే సన్న తీగెల్ని రోబో మోకాళ్ళ వెనక నరాల్లా దూర్చేవారు. రంగు కూడా పళ్ళ రంగుల పట్టీ చూసే కలిపేవారు. "కొత్త తెలుపు అబద్ధం. వాడిన తెలుపే తెలుపు" అనేవారు. అందుకే ఆయన రోబోలన్నీ యాభై ఏళ్ళు అన్నం తిన్న పళ్ళ రంగులో ఉండేవి.

వీధిలో నవ్వేవాళ్ళు. "ఏంటి మాస్టారూ, ఈ వయసులో బొమ్మలాటా?" అని ఒకాయన గుమ్మంలోంచే అడిగాడు. "నలభై ఏళ్ళు మీ అందరి నోళ్ళతో వేగానయ్యా. వీళ్ళకి నోరుండదు. అందుకే చేస్తున్నా" అన్నారు మాస్టారు, తలెత్తకుండానే.

ఇక అతుకు సంగతి. రోబో చెయ్యయినా కాలయినా రెండు చిప్పలు కలిపి మూస్తే తయారవుతుంది. కలిసినచోట గీత పడుతుంది. ఆ గీతలో పుట్టీ నింపి, ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, అసలక్కడ రెండు ముక్కలున్నాయన్న ఆనవాలే లేకుండా చెయ్యాలి. అందరూ వెలుతురులో పెట్టి చూసుకుంటారు, గోటితో గీకి చూసుకుంటారు. మాస్టారు కళ్ళు మూసుకుని నాలుక కొన ఆనించేవారు. "కన్ను మోసపోతుంది. వేలు మొరటుది. వెంట్రుకంత గీతని కూడా నాలుక వదలదు. పళ్ళసెట్టు పెట్టుకున్నవాణ్ణి అడుగు" అనేవారు.

ఈ పని నాకూ నచ్చి, ఆదివారాలు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటివారమే ఒక భుజం ఇచ్చి రుద్దమన్నారు. గంటసేపు రుద్ది ఇచ్చాను. కళ్ళు మూసుకుని నాలుక ఆనించారు. మరుక్షణం కుర్చీ వెనక్కి పడింది. ఆ పొద్దున నేను స్టోరేజీలో బాగా ఘాటుండే తేజ రకం కాయ చూసి, చేతులు నీళ్ళతో తడుపుకుని వచ్చేశాను. కారం నీళ్ళకి పోదని అంతకుముందు నాకు తెలియదా అంటే తెలుసు. మా ఇళ్ళలో ఆ మంట అందరికీ అలవాటు, ఇంకొకరికి తగులుతుందన్న ఆలోచనే రాదు. "నీ చేతులు తగలెయ్య, నూనె రాయకుండా నీళ్ళు పోసుకొచ్చావా?" అని మజ్జిగ చెంబు ఎత్తి తాగుతూ, మధ్యలో ఆ భుజాన్ని నా మీదికి విసిరారు. కనుబొమ మీద తగిలింది. మచ్చ ఇంకా ఉంది. ఆ తర్వాత ఏ ఆదివారం వెళ్ళినా ఆయన మొదటి మాట "చేతులు కడుక్కున్నావా?" అనే. ఎలా ఉన్నావని ఏనాడూ అడగలేదు.

నా మొదటి రోబోకి ఆరు నెలలు పట్టింది. తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. మెచ్చుకుంటారని కాదుగానీ, తిట్టరనుకున్నాను. తల దగ్గర మొదలుపెట్టి నాలుకతో కిందికి వచ్చారు. తొడ దగ్గర ఆగారు. కత్తెర తీసి రెండు కాళ్ళూ, రెండు చేతులూ కత్తిరించి, అదే పెట్టెలో సర్ది నాకిచ్చారు. నేను ఏడ్చాను. ఆయన ఇంకో పని తీసుకున్నారు. కాసేపటికి, నా ఏడుపు పనికి అడ్డొస్తోందని కాబోలు, ఒక సంగతి చెప్పారు.

"నేను చేసిన మొదటి సెట్టు మా అమ్మకి. ఎట్లా ఉందమ్మా అంటే బంగారంలా ఉందిరా అంది. రెండేళ్ళు మజ్జిగన్నం పిసుక్కుని తింది. వయసైపోయింది, ఆకలి తగ్గింది అనుకున్నా. పోయినరోజు నోట్లోంచి సెట్టు తీస్తే పైచిగురు మీద గీతలాగా పుండు. నేను వదిలేసిన అతుకు అది. ఉప్పుకాగితంతో రెండు నిమిషాల పని. చెప్పిందా? చెప్పలా. నా మీద జాలిపడింది. ఇంతకంటే ద్రోహం నాకెవరూ చెయ్యలా."

నేను కళ్ళు తుడుచుకుని ఆ కాళ్ళూ చేతులూ మళ్ళీ అతికించడం మొదలుపెట్టాను. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇదే. ఇవాళ స్టోరేజీలో ఎంత పెద్దమనిషి సరుకైనా, పదును ఎక్కువుంటే ఉందనే రాస్తాను. ఎదురుగా రైతు మొహం చూస్తూ రాయడం తేలికేమీ కాదు. పదును కాయ బూజు పట్టి పక్కవాడి కాయని కూడా పాడుచేస్తుంది. ఇలా బతకడం నేర్పినందుకు ఆయనకి రుణపడి ఉన్నాను. ఆ మాట ఆయనకి చెప్పలేదు, చెబితే విని ఉండేవారూ కాదు.

రెండేళ్ళ కిందట ఆయన నాలుక మీద పుండు లేచింది. నలభై ఏళ్ళు నోళ్ళు చూసిన మనిషి, అద్దంలో చూసుకోగానే అదేమిటో తెలిసే ఉంటుంది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. అబద్ధమాడలేదు, చెప్పకుండా ఊరుకున్నారు, అంతే. ఆ రెండింటికీ తేడా లేదని నాకు నేర్పిన మనిషే ఆ పని చేశారు. డాక్టర్లు క్యాన్సరన్నారు, ఆయన కాల్చే చుట్ట వల్ల అన్నారు. వీధి మాత్రం రోబోలని నాకడం వల్ల అంది. పిన్నిగారైతే నన్ను చూసి, "నీ చేతి కారమేమో అనుకున్నానమ్మాయ్" అన్నారు. ఆవిడ బాధలో అన్నారని తెలుసు. అయినా ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

నాలుక సగానికి పైగా తీసేశారు. మాట పోయింది, ముక్కులోంచి గొట్టం పెట్టి గంజి పోసేవారు. డాక్టర్లు పళ్ళసెట్లకి ఆర్డరు రాసి పంపిన చీటీలు ఇంట్లో కట్టలకొద్దీ ఉండేవి. వాటి వెనక రాసి మాట్లాడేవారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆయనకి చెవుడు కూడా వచ్చినట్టు గట్టిగా అరిచేవారు. ఒకావిడ "అన్నం రుచి తెలుస్తోందా అన్నయ్యగారూ?" అని అడిగింది. అంత క్రూరమైన ప్రశ్న తను అడిగానని ఆవిడకి తెలియనే తెలియదు. మాస్టారు చీటీ మీద "మీ వంట గుర్తుంది. బెంగలేదు" అని రాసిచ్చారు.

అంత నీరసంలోనూ ఒక రోబో చేశారు. మూరెడు ఎత్తు, పంటి రంగు. చెయ్యి వణుకుతుంటే మోచేతిని బల్లకి నొక్కిపెట్టుకుని ఏడు నెలలు చేశారు. పోయిన నెల ఒక ఆదివారం కబురు పెడితే వెళ్ళాను. చీటీ అందించారు. "చేతులు కడుక్కున్నావా?" కడుక్కున్నానన్నాను. రెండో చీటీ: "నా నాలుక లేదు. నీది పెట్టి చూడు."

కళ్ళు మూసుకున్నాను. తల, మెడ, ఛాతీ, నడుము, ఎక్కడా ఏమీ లేదు. నిజంగా ఒక్క ముక్కలో పుట్టినట్టే ఉంది. ఎడమ చంక కిందికి వచ్చేసరికి నాలుకకి గీత తగిలింది. సన్నగా, అంగుళం పొడవున ఉంది. కళ్ళు తెరిచాను. ముక్కులో గొట్టం, లోపలికి పీక్కుపోయిన బుగ్గలు. ఆయన నా మొహమే చూస్తున్నారు.

"లేదు మాస్టారూ. ఎక్కడా లేదు" అన్నాను.

ఆయన రాశారు: "మళ్ళీ చూడు."

నేను మళ్ళీ నాలుక పెట్టలేదు కూడా. "చూశానండీ, అద్దంలా ఉంది" అన్నాను.

ఈసారి రాయడానికి చాలాసేపు పట్టింది. చీటీ మీద రెండు ముక్కలున్నాయి. "ఎడమ చంక కింద ఉంది. నేనే వదిలాను." దాని కింద, ఇంకా వంకరగా, "నువ్వూ మా అమ్మవే."

బయటి వాళ్ళెవరైనా చూస్తే అది ముద్దుమాట అనుకుంటారు. ఆయన నోట అంతకన్నా పెద్ద తిట్టు లేదని నాకు తెలుసు. మాస్టారూ అన్నాను. ఆయన గోడవైపు తిరిగి, చేత్తో గుమ్మం చూపించారు. ఆ తర్వాత మూడు ఆదివారాలు వెళ్ళాను. మూడుసార్లూ పిన్నిగారు గేటు దగ్గరే, "వద్దంటున్నారమ్మాయ్, ఏమనుకోకు" అన్నారు. నాలుగో ఆదివారం రాకముందే ఫోను వచ్చింది.

పెద్దకర్మ అయిన మర్నాడు స్టోరేజీ నుంచి వస్తుంటే పిన్నిగారు పిలిచి ఒక పెట్టె చేతిలో పెట్టారు. చేతులో కాళ్ళో కత్తిరించి ఉంటాయనుకుంటూనే విప్పాను. రోబో నిండుగా ఉంది. "నన్ను క్షమించారా పిన్నిగారూ?" అని అడిగాను. "ఏమోనమ్మా. కత్తెర అడిగారు, ఇచ్చాను. నొక్కే శక్తి లేక కింద పెట్టేశారు" అన్నారావిడ. నా మొహం చూసి ఒక అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆ ఇంట్లో అన్నేళ్ళున్న మనిషి.

ఇంటికొచ్చి దాన్ని బల్ల మీద నిలబెట్టాను. ఉప్పుకాగితం ముక్క తీసుకున్నాను, రెండు నిమిషాల పని. రుద్దబోయేముందు ఒక్కసారి చూద్దామని ఎడమ చెయ్యి పైకెత్తి, కళ్ళు మూసుకుని, చంక కింద నాలుక ఆనించాను. గీత అక్కడే ఉంది. దాని వెంటే కారం భగ్గుమంది. స్టోరేజీ నుంచి తిన్నగా వచ్చాను, చేతులు కడుక్కోలేదు. ఉప్పుకాగితం కింద పెట్టేసి, నాలుక మండుతుంటే, అడిగే మనిషి కోసం ఎదురింటి వైపు చూస్తూ కూర్చున్నాను.