నా కల చేసిన ప్రచారం

ఆ రోజుల్లో ఎన్నికలంటే జనానికి జెండాలు, జీపులు, మైకులు. మా బడిపంతుళ్ళకు మాత్రం డ్యూటీ వేస్తూ వచ్చే ఒక గోధుమరంగు కవరు. ఆ కవరు బడి గేటు దాటిందంటే చాలు, ఉపాధ్యాయుల గదిలో అందరి ఆరోగ్యాలూ ఒక్కసారిగా దెబ్బతినేవి. ఏడాది పొడుగునా గుండ్రాయిలా ఉన్న లెక్కల సారుకు నడుం పట్టేసేది. పిల్లల్ని మైదానం చుట్టూ పరిగెత్తించే డ్రిల్లు సారుకు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఎనభైల మొదట్లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, హనుమకొండలోని ఒక బడిలో తెలుగు పంతులుగా చేరిన నాకు రోగాలు తెచ్చుకునే అనుభవం ఇంకా రాలేదు. అందుకని కవరు తిన్నగా నా దగ్గరికే వచ్చింది. ఈ సంగతి ఇవాళ నవ్వుతూ రాస్తున్నాను గాని, ఆ నెలలో నేను నవ్విన గుర్తు లేదు.

నాకు పడిన పని ఓటరు వేలికి సిరా పెట్టడం. ఊరు నర్సంపేట దాటాక అడవి అంచున ఉందని శిక్షణ తరగతిలో ఒక గుమాస్తా నా చెవిలో చెప్పి, జాలిగా భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ వైపు ఊళ్ళలో గోడల మీద అడవిలోని అన్నలు రాసిన ఎర్ర అక్షరాలు కనిపించేవి, ఓటు వేయవద్దని. వేస్తే సిరా పడిన వేలు ఉండదని నోటిమాటగా తిరిగేది. పోలీసులేమో ఎన్నికల మర్నాడు ఇల్లిల్లూ తిరిగి వేళ్ళు చూస్తామనీ, సిరా లేనివాళ్ళంతా అడవిలోవాళ్ళ చుట్టాలేననీ చెప్పిపోయారట. అంటే ఉన్నది ఒకటే చుక్క సిరా. పెట్టించుకుంటే ఒకరితో తంటా, పెట్టించుకోకపోతే మరొకరితో. ఆ చుక్క పెట్టేవాణ్ణి నేను. అప్పటినుంచీ నాకు అన్నం సహించడం మానేసింది.

ఎన్నికలకు వారం ముందు, తెల్లవారుజామున కల వచ్చింది. నేను తరగతి గదిలో బల్ల ముందు కూర్చున్నాను. బల్ల మీద సిరా సీసా ఉంది. ఒకామె వచ్చి చెయ్యి చాపింది. సిరా పెట్టాను. ఆమె వెళ్ళిపోయింది, వేలు మాత్రం నా చేతిలో ఉండిపోయింది. నెత్తురు లేదు, కేక లేదు, ఆమె వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. ఏం చెయ్యాలో తోచక దాన్ని సుద్దముక్కల డబ్బాలో వేశాను (కలలో కూడా పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది!). తర్వాత ఇంకొకరు, ఇంకొక వేలు. డబ్బా నిండిపోయింది. చివరికి మా అమ్మ వచ్చి నిలబడింది గాని, ఎంతకీ కొంగు కింద నుంచి చెయ్యి బయటికి తియ్యలేదు. "చెయ్యేదమ్మా?" అన్నాను. "ఏడ వెట్టిన్నో యాదికస్తలేదు బిడ్డా. నువ్వే జర ఆ డబ్బాల చూడు" అంది. ఒళ్ళంతా చెమటతో లేచి కూర్చుని, ముందు నా వేళ్ళు, తర్వాత పొయ్యి దగ్గరున్న అమ్మ వేళ్ళు చూసుకున్నాను.

ఆ చూపు అమ్మ పసిగట్టింది, అడిగి అడిగి కల మొత్తం చెప్పించుకుంది. మా చర్చివాళ్ళలో చెడ్డ కలను దాచుకోకూడదు, ప్రార్థనలో పెట్టాలి. సరిగ్గా ఆ సాయంత్రమే స్త్రీల ప్రార్థన కూడిక మా ఇంట్లో. నేను వంటగదిలో పదిమందికి చాయ్ కాస్తున్నాను. అవతల మొదట అమ్మ ప్రార్థించింది, కల ఎలా వచ్చిందో అలాగే చెప్పి. రెండో ఆమె "ప్రభువా, ఆ పిల్లగాని రెండు చేతులు కాపాడు" అంది. వేళ్ళు చేతులైనందుకు నేను గరిటె పట్టుకుని ఆగిపోయాను. మూడో ఆమె "లారీల ఏస్కచ్చే దినం సూపెట్టకు తండ్రీ" అని ఏడుపు అందుకుంది. నాలుగో ఆమె ఇంకా ముందుచూపు గల మనిషి, నా తర్వాత మా అమ్మకు పింఛను తొందరగా మంజూరు చేయించమని వేడుకుంది (అన్నిటికన్నా గట్టిగా ఆమెన్ వినిపించింది దానికే). ఇవి వింటుండగా పొంగిపోయి మిగిలిన చాయ్‌తోనే వాళ్ళకు కప్పులు నింపాను.

ఆ నలుగురిలో లారీ ఆమె పెద్ద దవాఖానలో ఆయమ్మగా పనిచేసేది. ఆమె అక్కను ఇచ్చింది నేను పోవలసిన ఊరికే. ఆయమ్మ మంచి మనసుతో రెండు పనులు చేసింది. మొదటిది, అక్క కూడా నాకోసం ప్రార్థించాలని మర్నాడే బస్సెక్కి ఆ ఊరు వెళ్ళి నా కల చెప్పి వచ్చింది. రెండోది, నాకు డాక్టరు కాగితం రాయిస్తానంది. "కామెర్లని రాయిస్త. పదిరోజులు కదలకుండ పండుకో కొడుకా" అంటే, అమ్మ ఒప్పుకోలేదు. "కామెర్లద్దు, కండ్లు చూస్తె ఎరుకైతది. టైఫాయిడ్ అని రాయియ్యి" అంది. టైఫాయిడ్ కాగితం నా జేబులోకి వచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ మధ్యాహ్నం ఎన్నో రోజులకు మళ్ళీ కడుపునిండా తిన్నాను.

చెయ్యి కడుక్కుంటుంటే డ్రాయింగు సారు వచ్చాడు. మా బడిలో నిజంగా ఉబ్బసం ఉన్న మనిషి ఆయనొక్కడే. నిజం జబ్బు కాబట్టి కాగితం రాయించుకోవాలని ఆయనకు తోచలేదు. జాబితాలో నా తర్వాతి పేరు ఆయనది. గడప లోపలికి రాలేదు. "తమ్మీ, నువ్వు పోతలేవట గద. ఏం లేదు, ఆ ఊర్ల మంచినీళ్ళు దొరుకుతయా, ఇంట్లకెల్లి క్యాను పట్టుకపోవాల్నా అడుగుదామని అచ్చిన" అన్నాడు. నన్ను వెళ్ళమని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే పోట్లాడి పడుకునేవాణ్ణి. నీళ్ళ గురించి మాత్రమే అడిగేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. "నేనే పోతాన్న సారూ" అనేశాను. దాన్ని ధైర్యమని ఎవరూ పొరబడకండి, ఆ కాగితం ఊరిదాకా జేబులోనే ఉంది.

పోలింగు రోజు పొద్దున ఎనిమిదికి బడి తలుపులు తీశాం. తొమ్మిదైంది, పదైంది, పన్నెండైంది, ఒక్కరూ రాలేదు. మా పెద్ద అధికారి ఖాళీ పెట్టెను అటూ ఇటూ జరిపి చూసుకున్నాడు. బయట అరుగు మీద కూర్చున్న పోలీసు జమేదారు, "రాకపోతె రాకుండ్రి. రేపు ఒక్కొక్కని ఏలు చూస్తం, అప్పుడు తెలుస్తది" అన్నాడు తీరిగ్గా. అంతలో గోచీచీర కట్టుకున్న ఒక పెద్దామె లోపలికి వచ్చింది. చీటీ ఇవ్వలేదు, పేరు చెప్పలేదు. సిరా సీసా చూసి, నన్ను చూసి, "కల గన్న సారువు నువ్వేనా?" అంది. అవునన్నట్టు తలూపాను.

"నా చెల్లె దవాఖానల పనిజేస్తది. ఆమెనే చెప్పిపోయింది. అన్నలు చెప్పింది సగంమంది నమ్మిండ్రు. పోలీసోళ్ళు చెప్పింది ఎవ్వలు నమ్మలే. నీ కలనైతె ఊరంత నమ్మింది బిడ్డా. తెల్లారుగట్ల అచ్చిందట గద!" అంది. ఓట్లు వేయించడానికి సర్కారు పంపిన మనిషిని, వారం ముందే హనుమకొండలో పడుకుని ఊరి మొత్తం ఓట్లు ఆపేశానన్నమాట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జమేదారు మాట మాత్రం చెవిలో గింగురుమంటోంది. ఆమె బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది. "నాకు ఒక్కడే కొడుకు. ఎడమచేతి ఏలు మీద కొడవలి గాటుంటది, గీ తీరుగ. ఆ డబ్బాల గసొంటి ఏలు కనవడ్డదా? జర యాది చేస్కో."

కలలో గాట్లు ఎవరు చూశారు? డబ్బా నిండా వేళ్ళున్నాయని మాత్రం తెలుసు. ఓటు వేస్తే ఏమవుతుందో తెలియదు గాని, వేయకపోతే రేపు ఏమవుతుందో అరుగు మీదే కూర్చుని ఉంది. "మీ చెల్లె తప్పు చెప్పిందవ్వా. తెగింది ఒక్క ఏలే. అది నాది" అన్నాను. నోటికి ఎలా వచ్చిందో వచ్చేసింది. ఆమె నా మొహంలోకి వంగి చూసింది. "అయ్యో, నీదా! తెలిసి తెలిసి ఎట్లచ్చినవ్ కొడుకా?" అని నా ఎడమచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని చూపుడువేలు నిమిరింది. ఆ తర్వాత గబగబా ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

రెండు దాటాక జనం ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాళ్ళూ ముందు నా వేలివైపు చూసి, తర్వాత తమ వేలు చాపారు. ఒక ముసలాయన "పైలం సారూ" అని జాగ్రత్త చెప్పాడు. కొడవలి గాటు ఉన్న వేలు కూడా వచ్చింది. నాకన్నా చిన్నవాడు. ఆ గాటునే చూస్తూ పెట్టేసరికి సిరా గోరు దాటి రెండో కణుపు దాకా పారింది. అతన్ని కాపాడుతున్నానో, గుర్తు పెట్టి ఎవరికో అప్పజెబుతున్నానో అర్థం కాలేదు. సాయంత్రానికి సగం ఊరు ఓటు వేసింది. జమేదారు నాకు బీడీ ఇవ్వబోయాడు, వద్దన్నాను. వ్యానెక్కి నర్సంపేట దాటేసరికి మాత్రం, ఒక ఊరిని కాపాడినవాడిలా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

నెల తర్వాత ఆ పెద్దామె బడికి వచ్చింది. చెల్లెలి దగ్గరికి వచ్చిందట. పాఠం ఆపి గేటు దగ్గరికి పరిగెత్తాను. "ఊర్ల అందరు మంచిగున్నరా అవ్వా?" అని అడిగాను. "ఏళ్ళు మంచిగనే ఉన్నయి కొడుకా, ఎవ్వలియి ఏం కాలే. నా కొడుకే లేడు" అంది. "ఓటెందుకేసినవని వాళ్ళు పిలిచిండ్రు. వాళ్ళెందుకు పిలిచిండ్రని వీళ్ళు పిలిచిండ్రు. రెండు దిక్కులు తిరగలేక ఒకనాడు ఎటో పోయిండు." అని, నేను ఏదో అనేలోగా నా ఎడమచెయ్యి అందుకుంది. వేలిని అటూ ఇటూ వంచి చూసి, ఎన్ని రోజులకో తేరుకున్న మనిషిలా నవ్వింది. "నీదన్న మంచిగుంది. నెల బట్టి నాకు దీని ఫికరే." నిజం చెబుదామని నోరు తెరిచాను. వెనక నా తరగతి పిల్లలు గోల చేస్తున్నారు. ఆమె బస్సు వేళైందంటూ వెళ్ళిపోయింది.

ఈ కథ నలుగురిలో చాలాసార్లు చెప్పాను గాని, ఊళ్ళోకి వెళ్ళేదాకా చెప్పి, అందరూ నవ్వగానే ఆపేసేవాణ్ణి. ఆ కొడుకు తిరిగి రాలేదని ఆయమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. ఇప్పుడు ఆ ఇరవై నాలుగేళ్ళ పంతులు ఎదురుపడితే తిట్టబుద్ధి కాదు, చూసి కాస్త నవ్వొస్తుంది కూడా. అబద్ధమాడి ఊరిని గట్టెక్కించానని నెల రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు పాపం. ఆ నెల రోజులూ ఒక తల్లి, కన్నకొడుకు ఎటు పోయాడో తెలియని ఇంట్లో కూర్చుని, ఈ పంతులు వేలికి ఏమీ కాకూడదని దండం పెట్టుకుంటూనే ఉంది.