రెండు చివర్లా అంటించిన తప్పు

మా ఆసుపత్రి సర్వర్ గదిని ఇరవై ఏళ్ళకు పైగా చూసుకున్న ఆవిడని అందరం లేబులక్క అనేవాళ్ళం. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. నడుముకి ఎప్పుడూ చిన్న లేబుల్ మిషన్ వేలాడుతుండేది. టకటకా నాలుగు అక్షరాలు నొక్కి, పసుపు టేపు బయటికి లాగి, గోటితో వెనక కాగితం ఒలిచి, కేబుల్ చుట్టూ తిప్పి అంటించేది. నేను పై అంతస్తులో కౌంటర్ల కంప్యూటర్లు చూసేదాన్ని. పదిహేనేళ్ళు మధ్యాహ్నం ఇద్దరం కలిసే తిన్నాం. ఆవిడ గురించి నాకు తెలియంది ఏమీ లేదనుకునేదాన్ని. ఎంత వెర్రిదాన్ని!

సర్వర్ గది కింది అంతస్తులో, లిఫ్టు పక్కన ఉంటుంది. కిటికీ లేదు. ఏసీ హోరులో గొంతు చించుకుంటే తప్ప మాట వినపడదు. మనిషి కంటే ఎత్తైన ఇనుప ర్యాకులు నాలుగు, వాటిలో మిషన్లు ఒకదాని మీద ఒకటి బుద్ధిగా కూర్చుని ఉంటాయి. అసలు సంగతి వెనక తలుపు తీస్తే గాని తెలియదు. ఆవిడ చేరేనాటికి ఆ వెనకంతా దువ్వెన తగలని జుట్టులా ఉండేదట. ఏది పీకితే ఏది ఆగిపోతుందో తెలియక, ఎవరూ ఏదీ పీకకుండా పైన కొత్త కేబుళ్ళు వేసుకుంటూ పోయారు. ఆవిడ నేల మీద చతికిలబడి ఏడాదిన్నర పాటు ఒక్కొక్కటే విడదీసింది. మిషన్లకి కింది నుంచి పైకి నంబర్లు, ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా ఒకే పేరు.

ఆవిడ పద్ధతి ఒకటే. "ఈ చివర పట్టుకుంటే చేత్తో తడుముకుంటూ ఆ చివరిదాకా పోవాల్సిందే. కళ్ళతో చూసి పేరు పెట్టకూడదు. కళ్ళు మధ్యలో పక్క కేబుల్ మీదికి దూకేస్తాయి. చెయ్యి దూకదు" అనేది. ఇంట్లోనూ అదే గొడవ. ఉప్పు డబ్బా మీద ఉప్పు అనీ, చక్కెర డబ్బా మీద చక్కెర అనీ ఉండాల్సిందే. బస్సు డ్రైవరుగా పనిచేసే ఆవిడ భర్త ఒకసారి నాతో, "ఏదో ఒక రోజు నిద్ర లేచేసరికి నా నుదుటి మీద కూడా అంటించేస్తుందమ్మా, 'మొగుడు, తియ్యకూడదు' అని" అన్నాడు. ఆవిడ నవ్వాపుకోలేక వంటగదిలోకి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ చాదస్తం చూస్తే ఒళ్ళు మండేది. అన్నం చల్లారిపోతుంటే ఇంకొక్క కేబుల్, ఇంకొక్క కేబుల్ అంటుంటే ఎవరికి మండదు?

ఇక ఆ రోజు సంగతి. రెండో ర్యాకులో ఎందుకూ పనికిరాని పాత బ్యాకప్ మిషన్ ఒకటుండేది. దాన్ని తీసేయాలని నిర్ణయించి, ముందుగా కరెంటు కేబుల్ తీసే పని ఎలక్ట్రీషియన్‌కి అప్పజెప్పారు. అతను తొమ్మిదేళ్ళుగా మా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆవిడని "అక్కా" అని నోరారా పిలిచేవాడు, ఆవిడ "తమ్ముడూ" అనేది. ఉదయం పదకొండు గంటలకు అతను ర్యాకు వెనక తలుపు తెరిచి, 'పాత బ్యాకప్' అని ఉన్న కేబుల్ పీకి, చుట్ట చుట్టి పక్కన పెట్టి, స్క్రూలు విప్పే సామాను తెచ్చుకోవడానికి వెళ్ళాడు. అతను పీకింది ఐసీయూ కేబుల్. పైన నర్సుల బల్ల దగ్గర పేషెంట్లందరి గుండె లెక్కలూ కనపడే పెద్ద తెర ఒక్కసారిగా నల్లబడింది.

ఫోను వచ్చినప్పుడు లేబులక్క నా ఎదురుగానే కూర్చుని ఉంది. ఒక్క ఉదుటున లేచి పరిగెత్తింది. కేబుల్ తిరిగి పెట్టేసరికి మొత్తం పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లోనే మూడో మంచం మీది పెద్దాయన గుండె నెమ్మదించింది. నర్సు గమనించి వెళ్ళేసరికి ఆలస్యమైంది. సాయంత్రానికి ఆయన పోయాడు. ముందే చెయ్యి దాటిపోయిన మనిషని డాక్టర్లు అన్నారు గాని, ఆ మాట ఆయన కూతురి ముఖం చూసి గట్టిగా చెప్పగలిగినవాళ్ళు లేరు.

నాలుగో రోజున విచారణ. బల్లకి అటువైపు ముగ్గురు, ఇటువైపు ఎలక్ట్రీషియన్. కేబుల్ పీకిన రోజు మధ్యాహ్నమే తీసిన ర్యాకు ఫోటోలు బల్ల మీద పరిచారు. రెండు చివర్లా, స్పష్టంగా, 'ఐసీయూ' అనే ఉంది.

"ఏమని రాసుందో చదువు" అన్నారు.

"ఐసీయూ అనుందండి."

"మరి ఎలా పీకావు?"

"నాకు... పాత బ్యాకప్ అని కనపడిందండి. రెండు చివర్లూ చూసుకున్నాను. అలాగే కనపడింది." ఫోటో వంక చూసి, మళ్ళీ చూసి, "నా కళ్ళే మోసం చేశాయేమో మరి" అన్నాడు.

తరువాత లేబులక్కని పిలిచి, లేబుల్ సరిగ్గానే ఉందా అని అడిగారు. "ఇప్పుడు సరిగ్గానే ఉందండి" అంది ఆవిడ. ముగ్గురూ తలలూపి రాసుకున్నారు. చూసుకోకుండా పీకాడని తేల్చి అతన్ని పనిలోంచి తీసేశారు. ఆ సాయంత్రం నేనే ఆవిడ దగ్గర, "తొమ్మిదేళ్ళ మనిషి అంత కళ్ళు మూసుకుని పనిచేస్తాడా!" అని నాలుగు మాటలు అన్నాను కూడా. ఆవిడ వింటూ సంచి సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

తరువాత రెండేళ్ళూ ఆవిడ పని నత్తనడక నడిచింది. చేత్తో ఒకసారి తడిమిన కేబుల్‌నే మళ్ళీ తడిమేది, మూడోసారీ తడిమేది. వయసు మీద పడిందని అందరూ అనుకున్నారు. నేను విసుక్కున్నాను.

ఒక మధ్యాహ్నం తింటూ ఊసుపోక చెప్పాను. "నిన్న మన ఎలక్ట్రీషియన్ కనపడ్డాడక్కా, బస్టాపులో. ఏదో గోడౌన్ గేటు దగ్గర కూర్చుంటున్నాడట. ఎదురుగా ఏనుగంత బస్సొచ్చి ఆగితే, నంబరెంతో చదివి పెట్టమని నన్నడుగుతాడేంటి! నవ్వొచ్చింది నాకు."

లేబులక్క చేతిలో ముద్ద గిన్నెలో వదిలేసింది. గిన్నె మూతపెట్టి, "అతను సరిగ్గానే చదివాడే" అంది.

అప్పుడు చెప్పింది. ఆ సంఘటనకి ముందురోజు తనిఖీ ఉందని ఆఫీసరు తలుపు దగ్గర నిలబడి తొందరపెట్టాడట. రెండో ర్యాకు వెనక పక్కపక్కనే ఉన్న ఐసీయూ, పాత బ్యాకప్ కరెంటు కేబుళ్ళ లేబుళ్ళు ఊడిపోయి ఉంటే, ఆ రెంటికీ మాత్రం, జీవితంలో మొదటిసారి, చేత్తో తడమకుండా కంటితో చూసి పేర్లు అంటించింది. దానిది దీనికి, దీనిది దానికి, రెండు చివర్లా. మర్నాడు పరిగెత్తుకెళ్ళి కేబుల్ పెట్టగానే చెయ్యి దానంతట అదే నడుము దగ్గరి మిషన్ మీదికి పోయింది. తప్పు లేబుల్ కనపడితే ఒక్క క్షణం ఉంచే అలవాటు లేని చెయ్యి. నాలుగు చివర్లా పీకేసి సరైనవి అంటించేసి, ఉండలు చుట్టి చెత్తబుట్టలో పడేసింది. ఫోటోలు తీసేవాళ్ళు వచ్చింది ఆ తరువాత. "దాచాలని చెయ్యలేదే, ఒట్టు. విచారణలో ఫోటో చూశాకే తెలిసింది, నేనేం చేశానో. 'ఇప్పుడు సరిగ్గానే ఉంది' అన్నాను. ఇప్పుడు అంటే ఏంటని ఎవరైనా అడుగుతారనుకున్నాను. ఎవ్వరూ అడగలేదు. అబద్ధం చెప్పలేదు కదా అని ఆ ఒక్క మాట పట్టుకుని రెండేళ్ళు బతికాను."

నాకు ముందు జాలేసింది, ఆ వెంటనే అంతకు రెండింతలు కోపం వచ్చింది. నా చేత కూడా ఆ అమాయకుణ్ణి తిట్టించింది కదా అని. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, పెద్ద డాక్టరుగారికి రాసిన ఉత్తరం నా ముందు పెట్టింది. తప్పు నాది, అతనిది కాదు, కాగితాల్లో దిద్దండి అని ఉంది. చదివి, "ఉద్యోగం పోతే?" అన్నాను. "పోనీ" అంది.

ఉద్యోగం పోలేదు. వారం తిరక్కుండా ఆవిడని సర్వర్ గదిలోంచి తప్పించి రికార్డుల గదిలో పడేశారు. ఎప్పుడో మూసేసిన ఫైలు మళ్ళీ తెరిస్తే అందరికీ తలనొప్పేనన్నారు. విచారణ కాగితంలో ఒక్క అక్షరం మారలేదు. ఆ మాట చెప్పి, "ఇక అతనికి నా నోటితో నేను చెప్పడమే మిగిలింది. ఒక్కదాన్నే పోలేను, తోడు రావే" అంది. కోపం పూర్తిగా పోలేదు గాని, వెళ్ళాను.

అది ఒకటిన్నర గది ఇల్లు, మెట్ల కింద. ఎలక్ట్రీషియన్ మమ్మల్ని చూసి కంగారుగా లేచి ఉన్న ఒక్క కుర్చీ జరిపాడు. "కూర్చోక్కా" అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. గడప దగ్గర నిలబడే చెప్పింది.

"తమ్ముడూ, ఆ రోజు కేబుల్ మీద పాత బ్యాకప్ అనే ఉంది. నేనే తప్పు అంటించాను. తరువాత నేనే మార్చేశాను. నువ్వు సరిగ్గానే చదివావు."

అతను కుర్చీ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను. అతను మాత్రం, "మళ్ళీ చెప్పక్కా" అన్నాడు.

ఆవిడ మళ్ళీ చెప్పింది.

"ముగ్గురు కళ్ళ డాక్టర్ల దగ్గరికి పోయానక్కా. ముగ్గురూ బాగానే ఉన్నాయన్నారు. నేనే నమ్మలేదు" అని, లోపలికి తిరిగి భార్యని కేకేశాడు. "ఇలా రా, అక్క ఏదో చెప్తోంది, నువ్వూ విను."

మూడోసారి కూడా ఆవిడ ఒక్క మాట వదలకుండా చెప్పింది. అతని భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంతా వింది. "రెండేళ్ళా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "మా మామగారి మాత్రల మీద పేరు కూడా నేనే చదవాలమ్మా ఈ ఇంట్లో. తప్పు మాత్ర వేసి తండ్రిని చంపేస్తానేమోనని ఈయనకి భయం. నాకు చదువు అంతంతమాత్రం. కూడబలుక్కుని చదువుతాను, రోజుకి మూడుపూటలా. రెండేళ్ళు తెలిసి ఊరుకున్నారా మీరు?"

"తెలిసే ఊరుకున్నాను" అంది లేబులక్క.

ఆ ఇల్లాలు లోపలికి వెళ్ళి, మాత్రల స్ట్రిప్పులు గుప్పెడు తెచ్చి భర్త చేతిలో పెట్టింది. "చదువు" అంది.

అతను ఒకటి తీసి వెలుతురుకి తిప్పాడు. మొదట పెదవులతోనే కూడబలుక్కున్నాడు. తరువాత మెల్లగా మాత్ర పేరు చదివాడు. ఎంత మోతాదో చదివాడు, ఏ నెలలో తయారైందో, ఏ నెల వరకు వాడొచ్చో చదివాడు. భార్య పక్కన నిలబడి ఒక్కొక్క అక్షరం వేలితో సరిచూసుకుంటోంది. చంటిపిల్లలకి అందనివ్వకండి అన్న చిన్న అక్షరాలు కూడా అతను వదల్లేదు. లేబులక్క వెళ్ళిపోలేదు, కళ్ళు తుడుచుకోలేదు, చివరిదాకా నిలబడి వింది. నాలుగో స్ట్రిప్పు కూడా అయిపోయాక అతను తలెత్తి, ఇంకేమైనా ఉన్నాయా అని భార్యని అడిగాడు.